యూనిట్ – 12: మానసిక ఆరోగ్య సేవల మూల్యాంకనం – ‘చికిత్సా అంతరం’ కొలమానంపై విమర్శ

12.0 లక్ష్యాలు

ఈ యూనిట్‌ను అధ్యయనం చేసిన తరువాత మీరు:
• ‘చికిత్సా అంతరం’ అనే భావనను నిర్వచించి, అది ఎందుకు ప్రచారంలోకి వచ్చిందో వివరించగలుగుతారు.
• 2015–16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ఫలితాలను విమర్శనాత్మకంగా చదవగలుగుతారు.
• సేవ చేరడానికీ, సేవ ఫలించడానికీ మధ్య గల తేడాను ఉదాహరణతో చూపగలుగుతారు.
• ప్రభుత్వ మానసిక ఆరోగ్య వ్యవస్థ పనితీరును కొలవడానికి తగిన ప్రశ్నలను రూపొందించగలుగుతారు.

12.1 పరిచయం

ఒక ప్రభుత్వ వ్యవస్థ బాగా పనిచేస్తున్నదా లేదా అని అడిగినప్పుడు మనకు సాధారణంగా అంకెలతో జవాబు వస్తుంది. ఎన్ని ఆసుపత్రులు, ఎందరు వైద్యులు, ఎన్ని పడకలు, ఎందరు రోగులు అనే లెక్కలు వార్షిక నివేదికలను నింపుతాయి. మశూచి నిర్మూలన వంటి కార్యక్రమాల్లో ఈ పద్ధతి చక్కగా పనిచేసింది. టీకా వేసిన మనిషిని ఒకసారి లెక్కపెడితే దాదాపు పని పూర్తయినట్లే. మానసిక అనారోగ్యం అలాంటిది కాదు. తీవ్ర మానసిక వ్యాధి ఉన్న మనిషికి నెలల తరబడి, తరచు సంవత్సరాల తరబడి మందు, మాట, మనుషుల తోడు కావాలి. ఒకసారి ఆసుపత్రికి రావడం ఆ ప్రయాణంలో మొదటి అడుగు మాత్రమే.

మన దేశంలో ఈ ప్రయాణాన్ని వ్యవస్థీకరించే ప్రయత్నం 1982లో జాతీయ మానసిక ఆరోగ్య కార్యక్రమంతో మొదలైంది. బెంగళూరులోని నిమ్హాన్స్ సంస్థ 1985–90 మధ్య బళ్లారి జిల్లాలో ఒక నమూనాను పరీక్షించింది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల వైద్యులకూ సిబ్బందికీ శిక్షణ ఇచ్చి, మానసిక చికిత్సను జిల్లా స్థాయికి తీసుకురావడం ఆ నమూనా సారం. దాని ఆధారంగా 1996లో జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం నాలుగు జిల్లాలలో ప్రారంభమైంది. వాటిలో నాటి ఆంధ్రప్రదేశ్‌లోని మెదక్ ఒకటి. తరువాత అది దేశమంతటా విస్తరించింది. ఈ విస్తరణ ప్రజలకు ఎంతవరకు ఉపయోగపడింది? దీనికి జవాబుగా నేడు అందరూ చెప్పే అంకె ‘చికిత్సా అంతరం’. ఆ అంకె ఏమి చెబుతుందో, ఏమి చెప్పలేదో ఈ యూనిట్‌లో పరిశీలిద్దాం.

12.2 చికిత్సా అంతరం: భావన, ప్రాచుర్యం

చికిత్స అవసరమై కూడా దానిని పొందలేని వారి శాతాన్ని చికిత్సా అంతరం అంటారు. ఒక వ్యాధి 100 మందికి ఉండి, 30 మంది మాత్రమే చికిత్స పొందుతుంటే చికిత్సా అంతరం 70 శాతం.

ఈ భావనకు అంతర్జాతీయ ప్రాచుర్యం తెచ్చిన వ్యాసం 2004లో ప్రపంచ ఆరోగ్య సంస్థ బులెటిన్‌లో వెలువడింది. రాబర్ట్ కోన్, ఆయన సహచరులు వివిధ దేశాల అధ్యయనాలను సమీకరించి మధ్యగత విలువలు కట్టారు. స్కిజోఫ్రీనియా వర్గపు వ్యాధులకు 32.2 శాతం, డిప్రెషన్‌కు 56.3 శాతం, మద్యపాన సమస్యలకు 78.1 శాతం అంతరం ఉన్నదని వారు చూపారు.

ఈ కొలమానం చేసిన మేలును ముందుగా గుర్తించాలి. మానసిక అనారోగ్యం బడ్జెట్ చర్చలలో చోటు దక్కని విషయంగా ఉండేది. ‘పది మందిలో ఎనిమిది మందికి వైద్యం అందడం లేదు’ అనే వాక్యం మంత్రులకూ, పాత్రికేయులకూ, న్యాయమూర్తులకూ వెంటనే అర్థమవుతుంది. ఒక రాష్ట్రాన్ని మరొక రాష్ట్రంతో పోల్చడానికి కూడా అది వీలు కల్పించింది. కాబట్టి మన విమర్శ ఈ అంకెను పారేయమని చెప్పడానికి కాదు. సమస్య పరిమాణాన్ని చూపే అంకెను, సేవ నాణ్యతను చూపే అంకెగా వాడుతున్నారన్నదే మన అభ్యంతరం.

12.3 జాతీయ సర్వే ఏమి చెప్పింది?

నిమ్హాన్స్ ఆధ్వర్యంలో 2015–16లో జాతీయ మానసిక ఆరోగ్య సర్వే జరిగింది. 12 రాష్ట్రాలలో 34,802 మంది పెద్దలను ఇంటింటికీ వెళ్లి ప్రశ్నించారు. సర్వే నాటికి ఏదో ఒక మానసిక వ్యాధి ఉన్నవారు 10.6 శాతం, జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు దానికి లోనైనవారు 13.7 శాతం అని తేలింది. చికిత్సా అంతరం ఇలా ఉంది:

• సాధారణ మానసిక వ్యాధులు: 85.0 శాతం
• తీవ్ర మానసిక వ్యాధులు: 73.6 శాతం
• సైకోసిస్: 75.5 శాతం
• బైపోలార్ వ్యాధి: 70.4 శాతం
• మద్యపాన సమస్యలు: 86.3 శాతం

పత్రికలలో, పార్లమెంటు చర్చలలో ఎక్కువగా వినిపించినవి ఈ అంకెలే. కానీ అదే నివేదికలో మరికొన్ని విషయాలున్నాయి. తీవ్ర మానసిక వ్యాధి ఉన్న ప్రతి నలుగురిలో ముగ్గురికి పని, కుటుంబం, సామాజిక జీవితాలలో గణనీయమైన వైకల్యం ఉన్నదని సర్వే తెలిపింది. ప్రధానంగా చికిత్సకూ, దానికోసం చేసే ప్రయాణానికీ కుటుంబాలు నెలకు సుమారు 1,000 నుండి 1,500 రూపాయలు ఖర్చు చేస్తున్నాయని చెప్పింది. వ్యాధితో బతికే కుటుంబానికి ఈ రెండు విషయాలే ఎక్కువ ముఖ్యం. అయినా అవి శీర్షికలకు ఎక్కలేదు. సర్వే చేసినవారిది ఈ లోపం కాదు. ఒకే అంకె చాలునని భావించే మన చదివే పద్ధతిలోనే ఈ లోపం ఉంది.

12.4 విమర్శ

12.4.1 లెక్కలోకి రాని మనుషులు

ఇంటింటి సర్వే అంటే ఇల్లు ఉన్నవారి సర్వే. బస్టాండ్లలో, రైల్వే స్టేషన్లలో, గుడి మెట్ల మీద బతికే మానసిక రోగులు ఇందులోకి రారు. మానసిక చికిత్సాలయాలలో ఏళ్ల తరబడి ఉండిపోయినవారూ రారు. ప్రభుత్వ వ్యవస్థ తప్ప మరో దిక్కు లేనివారు సరిగ్గా వీరే. ఒక వ్యవస్థ ఎవరికి అత్యవసరమో వారిని పక్కనపెట్టి దాని పనితీరును కట్టిన లెక్క ఎప్పుడూ అసంపూర్ణమే.

2001 ఆగస్టు 6న తమిళనాడు రామనాథపురం జిల్లాలోని ఎర్వాడిలో జరిగిన దుర్ఘటనను గుర్తుచేసుకోండి. మానసిక రోగులను ఉంచిన ఒక ప్రైవేటు ఆశ్రయంలో మంటలు చెలరేగాయి. గొలుసులతో కట్టివేసి ఉండటం వల్ల తప్పించుకోలేక 28 మంది చనిపోయారు. ఆ రోజుకు ముందు వారు ఏ ప్రభుత్వ సూచికలోనూ లేరు. ‘ఆశ్రయం పొందుతున్నారు’ కాబట్టి వారి పరిస్థితి ఏమిటని అడిగినవారు లేరు.

ఈ సర్వేకు సంబంధించి తెలుగు విద్యార్థులు గమనించవలసిన మరొక విషయం ఉంది. సర్వే జరిగిన 12 రాష్ట్రాలలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ లేవు. కాబట్టి ‘మన రాష్ట్రంలో 85 శాతం అంతరం ఉంది’ అని ఎవరైనా రాస్తే, అది ఇతర రాష్ట్రాల లెక్కను మనకు అంటగట్టడమే అవుతుంది.

12.4.2 గుమ్మం దాటిన తరువాత

1978లో టి. తనహాషి అనే పరిశోధకుడు ఆరోగ్య సేవల ‘పరిధి’ని ఐదు మెట్లుగా విభజించాడు: సేవ అందుబాటులో ఉండటం, దానిని చేరుకోగలగడం, ప్రజలు దానిని ఆమోదించడం, వారు నిజంగా వచ్చి కలవడం, ఆ కలయిక ఫలించడం. ప్రతి మెట్టు దగ్గర కొంతమంది జారిపోతారు.

ఒక ఊహాత్మక జిల్లాను తీసుకుందాం. ఈ అంకెలు కేవలం అవగాహన కోసం. చివరి మెట్టును ఇక్కడ రెండుగా విడగొట్టాం.

• తీవ్ర మానసిక వ్యాధి ఉన్నవారు: 1,000
• సేవ ఉన్న ప్రాంతంలో నివసించేవారు: 900
• దూరం, ఖర్చు దృష్ట్యా వెళ్లగలిగినవారు: 600
• వెళ్లడానికి ఇష్టపడేవారు: 450
• కనీసం ఒకసారి వచ్చినవారు: 250
• ఆరు నెలలపాటు విడవకుండా చికిత్స పొందినవారు: 140
• ఆరోగ్యం, పని, కుటుంబ జీవితం మెరుగుపడినవారు: 80

‘వచ్చినవారు’ అంటే ‘చికిత్స పొందినవారు’ అని అధికారులు లెక్క కడితే అంతరం 75 శాతం. మరుసటి సంవత్సరం జిల్లాలో శిబిరాలు పెట్టి 400 మందిని రప్పించారనుకోండి. అంతరం 60 శాతానికి తగ్గుతుంది. నివేదికలో ఇది గొప్ప ప్రగతి. కానీ మందులు అయిపోవడం వల్లనో, వైద్యుడు బదిలీ కావడం వల్లనో విడవకుండా చికిత్స పొందినవారు 140 దగ్గరే, మెరుగుపడినవారు 80 దగ్గరే ఆగిపోతే? వచ్చి ప్రయోజనం పొందనివారు మొదటి ఏడాది 170 మంది. రెండో ఏడాది 320 మంది. కొలమానం ప్రకారం వ్యవస్థ బాగుపడింది. మనుషుల పరంగా చూస్తే, ఆశతో వచ్చి నిరాశతో తిరిగి వెళ్లినవారి సంఖ్య దాదాపు రెట్టింపయింది. ఒకసారి అలా వెళ్లిన కుటుంబం మళ్లీ రావడానికి వెనుకాడుతుంది.

ఓపీ రిజిస్టర్‌లోనూ ఇదే చిక్కు ఉంది. అది రాకపోకలను లెక్కిస్తుంది, మనుషులను కాదు. ఒకే రోగి 12 సార్లు వస్తే 12, పన్నెండు మంది ఒక్కొక్కసారి వచ్చి మానేసినా 12. మొదటిది విజయం, రెండోది వైఫల్యం. మొత్తంలో రెండూ సమానం. 2022 అక్టోబరు 10న ప్రారంభమైన టెలిమానస్ (14416) విషయంలోనూ ఇదే ప్రశ్న వేయాలి. కాల్స్ సంఖ్య లక్షల్లో ఉండటం అవసరాన్ని చూపుతుంది. ఆ కాల్ చేసిన మనిషికి తరువాత ఏమైందన్నది సేవను చూపుతుంది.

12.4.3 అవసరాన్ని నిర్ణయించేది ఎవరు?

చికిత్సా అంతరం లెక్కలో ఒక ఊహ దాగి ఉంది. రోగనిర్ధారణ ప్రశ్నావళికి సరిపోయిన ప్రతి మనిషికీ వైద్యం కావాలి, వైద్యం వస్తే అవసరం తీరుతుంది అన్నదే ఆ ఊహ. అప్పుల వల్ల నిద్రపట్టని కౌలు రైతుకు నిద్రమాత్ర ఇస్తే అంతరం ఒక మనిషి మేరకు తగ్గుతుంది. అప్పు అలాగే ఉంటుంది. భర్త తాగి కొడుతుంటే కుంగిపోయిన స్త్రీకి మందు అవసరం కావచ్చు. రక్షణ అంతకంటే ముందు అవసరం.

ఈ లోపాన్ని సరిచేయడానికి సౌమిత్ర పథారే, అలెగ్జాండ్రా బ్రజినోవా, ఇట్జాక్ లెవావ్ 2018లో ‘సంరక్షణ అంతరం’ అనే విస్తృత భావనను ప్రతిపాదించారు. చికిత్సతోపాటు మానసిక–సామాజిక సంరక్షణ, శారీరక ఆరోగ్య సంరక్షణ కూడా అందుతున్నాయా అని చూడాలన్నది వారి వాదన. తీవ్ర మానసిక వ్యాధి ఉన్నవారు ఇతరులకంటే ముందుగా చనిపోతున్నారని, వారి మరణాలలో చాలావాటికి గుండె జబ్బుల వంటి శారీరక వ్యాధులే కారణమని గుర్తుంచుకుంటే ఈ వాదన బలం తెలుస్తుంది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – I

సూచన: జవాబులను మూడు నాలుగు వాక్యాలలో రాయండి.
1. చికిత్సా అంతరం అంటే ఏమిటి?
2. ఇంటింటి సర్వేలో ఎవరు లెక్కకు రారు? ఎందుకు?
3. పై ఊహాత్మక జిల్లాలో అంతరం తగ్గినా సేవ మెరుగుపడలేదని ఎలా చెప్పగలం?

12.5 ఫలితాలను మాత్రమే కొలిస్తే సరిపోతుందా?

ఇంతవరకు చదివిన విద్యార్థి సహజంగానే ‘అయితే ఫలితాలనే కొలుద్దాం’ అంటాడు. 1966లో అవెడిస్ డొనబేడియన్ వైద్య సేవల నాణ్యతను నిర్మాణం, ప్రక్రియ, ఫలితం అనే మూడు కోణాలలో చూడాలని సూచించాడు. వైద్యులు, పడకలు నిర్మాణం. చికిత్స జరిగే తీరు ప్రక్రియ. రోగి స్థితిలో మార్పు ఫలితం. వీటిలో ఫలితమే అంతిమమైనది కదా?

అవును, కానీ రెండు జాగ్రత్తలు అవసరం. మొదటిది, ఫలితం వ్యవస్థ వల్లే వచ్చిందా అన్నది. ఆత్మహత్యల రేటును చూడండి. జాతీయ నేర గణాంకాల సంస్థ ప్రకారం 2022లో దేశంలో 1,70,924 మంది ఆత్మహత్య చేసుకున్నారు. రేటు లక్షకు 12.4. అదే ఏడాది విడుదలైన జాతీయ ఆత్మహత్యల నివారణ వ్యూహం 2030 నాటికి ఆత్మహత్య మరణాలను 10 శాతం తగ్గించాలని లక్ష్యం పెట్టుకుంది. ఈ రేటు తగ్గితే మానసిక వైద్య వ్యవస్థ బాగుపడినట్లేనా? శ్రీలంక అనుభవం వేరే పాఠం చెబుతుంది. అక్కడ 1995 తరువాత పదేళ్లలో ఆత్మహత్యల రేటు సగానికి పడిపోయింది. 1995లో అత్యంత విషపూరిత పురుగుమందులపై, 1998లో ఎండోసల్ఫాన్‌పై విధించిన నిషేధాలే దీనికి ముఖ్య కారణమని పరిశోధకులు చూపారు. ప్రాణాలు దక్కడం గొప్ప విషయమే. కానీ ఆ ఘనత ప్రధానంగా వ్యవసాయ విధానానిది, మానసిక చికిత్సాలయాలది కాదు.

మహారాష్ట్ర విదర్భలో అమరావతి జిల్లాలోని 30 గ్రామాలలో జరిగిన ‘విశ్రామ్’ కార్యక్రమాన్ని కూడా చూడండి. డిప్రెషన్ ఉన్నవారిలో వైద్య సహాయం కోరినవారు 4.3 శాతం నుండి 18 నెలల్లో 27.2 శాతానికి పెరిగారు. పరిశోధకులు అక్కడితో ఆగకుండా ఆత్మహత్య ఆలోచనలు తగ్గాయా అని కూడా అడిగారు. ఈ పద్ధతి ప్రశంసనీయం. అయితే పోల్చి చూడటానికి కార్యక్రమం లేని గ్రామాలు ఈ అధ్యయనంలో లేవు. కాబట్టి వచ్చిన మార్పంతా కార్యక్రమం వల్లే అని కచ్చితంగా అనలేం.

రెండో జాగ్రత్త మరింత ముఖ్యమైనది. ఒక సూచికను బహుమతులకూ, శిక్షలకూ ముడిపెడితే అది చెడిపోతుందని అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త డొనాల్డ్ క్యాంప్‌బెల్ 1970లలోనే హెచ్చరించాడు. కోలుకున్నవారి శాతాన్ని బట్టి ఆసుపత్రిని అంచనా వేస్తే, త్వరగా కోలుకునేవారిని చేర్చుకుని, కష్టమైనవారిని మరోచోటికి పంపాలన్న ప్రలోభం పుడుతుంది. ఎవరూ లేని, ఇరవై ఏళ్లుగా వ్యాధితో ఉన్న మనిషి అప్పుడు ఆసుపత్రి అంకెలకు భారమవుతాడు. ఫలితాల కొలమానం కూడా అమాయకమైనది కాదని దీనివల్ల తెలుస్తుంది.

12.6 చట్టంలోనే ఉన్న కొలబద్ద

మరి దేనితో కొలవాలి? కొత్త కొలబద్ద కోసం దూరం వెళ్లనవసరం లేదు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలోని 18వ సెక్షన్ మానసిక ఆరోగ్య సేవను ప్రతి వ్యక్తి హక్కుగా గుర్తించింది. ఆ సేవ భరించగల ఖర్చులో, మంచి నాణ్యతతో, చాలినంతగా, భౌగోళికంగా చేరువలో, వివక్ష లేకుండా, రోగికీ కుటుంబానికీ ఆమోదయోగ్యమైన రీతిలో ఉండాలని పేర్కొంది. తనహాషి చెప్పిన మెట్లలో చాలా భాగం ఇందులో కనిపిస్తాయి. 19వ సెక్షన్ సమాజంలో జీవించే హక్కును గుర్తించింది. 95వ సెక్షన్ ఏ రూపంలోనూ గొలుసులతో బంధించరాదని నిషేధించింది. హక్కు ఉన్నచోట, అది అందిందా లేదా అని అడిగే ప్రశ్న కూడా ఉండాలి. ప్రతి జిల్లాలో ఏటా అడగదగిన ఐదు ప్రశ్నలను ఇక్కడ ప్రతిపాదిస్తున్నాను.

ఒకటి: ఆరు నెలల క్రితం మొదటిసారి వచ్చినవారిలో ఇప్పటికీ చికిత్సలో ఎందరున్నారు? రానివారు ఎందుకు రావడం లేదు?

రెండు: గత సంవత్సరంలో ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో అవసరమైన మానసిక వ్యాధుల మందులు లేని రోజులెన్ని? అత్యవసర మందుల జాబితాలోనివి సామాజిక ఆరోగ్య కేంద్రాలు మొదలుకొని పైస్థాయి ప్రభుత్వ కేంద్రాలన్నింటిలో అన్ని వేళలా ఉచితంగా దొరకాలని చట్టమే చెబుతోంది. స్టాక్ రిజిస్టర్ చూస్తే ఈ ప్రశ్నకు జవాబు దొరుకుతుంది.

మూడు: ఒకసారి వైద్యుడిని కలవడానికి కుటుంబానికి అయ్యే ఖర్చెంత? ఎన్ని గంటల ప్రయాణం? ఎన్ని రోజుల కూలి పోతుంది?

నాలుగు: మానసిక చికిత్సాలయంలో ఏడాదికి మించి ఉన్నవారు ఎందరు? వారిలో ఈ ఏడాది ఇంటికో, సమాజంలోని మరో నివాసానికో చేరినవారు ఎందరు? 2019లో వెలువడిన ఒక జాతీయ అధ్యయనం 43 ప్రభుత్వ చికిత్సాలయాలను పరిశీలించి, అక్కడ ఉంటున్నవారిలో 36.25 శాతం మంది ఏడాది, అంతకు మించి ఉన్నవారని చూపింది. పడకలన్నీ నిండి ఉన్నాయన్న లెక్కలో ఈ నిజం కనిపించదు. నిండిన పడక కొన్నిసార్లు సేవకు గుర్తు, కొన్నిసార్లు వెళ్లడానికి చోటు లేకపోవడానికి గుర్తు.

ఐదు: తనను గౌరవంగా చూశారని, తన మాట విన్నారని రోగి చెబుతున్నాడా? ఈ ప్రశ్నను ఆ ఆసుపత్రి సిబ్బంది కాక, బయటివారు అడగాలి. తనకు మందు ఇచ్చే చేతిని ఎదురుగా విమర్శించే ధైర్యం ఏ రోగికీ సులభంగా రాదు.

ఈ ప్రశ్నలకు వచ్చే జవాబులన్నింటినీ కలిపి ఒకే మార్కుగా మార్చకూడదు. మందులు సక్రమంగా అందిస్తూ మనుషులను అవమానించే కేంద్రం, గౌరవంగా మాట్లాడి మందులు ఇవ్వలేని కేంద్రం ఒకే సగటు మార్కు పొందవచ్చు. రెండింటి వైద్యం వేరు. అలాగే ఈ జవాబులను ర్యాంకులకు వాడితే క్యాంప్‌బెల్ హెచ్చరిక వీటికీ వర్తిస్తుంది. ఏ లోపాన్ని ఎక్కడ సరిదిద్దాలో తెలుసుకోవడానికే వీటిని వాడాలి.

దీనిపై ఒక అభ్యంతరం రావచ్చు. లక్ష జనాభాకు ఒక్క మానసిక వైద్యుడు కూడా లేని దేశంలో (2019 నాటి ఒక అంచనా 0.75) నాణ్యత గురించి మాట్లాడటం తొందరపాటు కాదా, ముందు సేవను అందరికీ చేర్చాలి కదా అని. ఈ వాదనను తేలికగా తీసివేయలేం. కానీ వైద్యులు తక్కువగా ఉన్నచోట ఒక్కొక్క కలయిక విలువ ఎక్కువ. దానిని వృథా చేసుకునే స్తోమత పేద జిల్లాకు అసలే లేదు. పైగా పై ఐదు ప్రశ్నలలో నాలుగింటికి మానసిక వైద్యుడి సమయం అవసరం లేదు. రిజిస్టర్‌ను చదివే ఓపిక, ఇంటికి వెళ్లి పలకరించే ఒక కార్యకర్త చాలు.

12.7 సారాంశం

చికిత్సా అంతరం ఒక ఉపయోగకరమైన హెచ్చరిక. వ్యవస్థ ఎందరిని చేరలేదో అది చెబుతుంది. చేరినవారికి ఏమి జరిగిందో చెప్పదు. ఇల్లు లేనివారిని, చికిత్సాలయాలలో మిగిలిపోయినవారిని అది చూడదు. బాధ వెనుక ఉన్న అప్పునూ, హింసనూ పట్టించుకోదు. ఫలితాల కొలమానం దానికంటే మెరుగైనదే అయినా, ఇతర కారణాల ఘనతను వ్యవస్థకు కట్టబెట్టే ప్రమాదం, కష్టమైన రోగులను వదిలించుకునే ప్రమాదం దానిలో ఉన్నాయి. అందువల్ల 2017 చట్టం గుర్తించిన హక్కులనే కొలబద్దగా తీసుకుని, రోగి మార్గంలోని ఒక్కొక్క మెట్టును విడివిడిగా ప్రశ్నించడం మేలు.

12.8 ముఖ్య పదాలు

చికిత్సా అంతరం: చికిత్స అవసరమై కూడా పొందని వారి శాతం.
సంరక్షణ అంతరం: చికిత్సతోపాటు మానసిక–సామాజిక, శారీరక సంరక్షణ లోటును కూడా కలుపుకొన్న భావన.
మధ్యగతం: విలువలను ఆరోహణ క్రమంలో పేర్చినప్పుడు మధ్యలో వచ్చే విలువ.
సూచిక: నేరుగా కొలవలేని స్థితిని తెలుసుకోవడానికి వాడే గుర్తు లేదా అంకె.

12.9 నమూనా పరీక్షా ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు 30 పంక్తులలో జవాబులు రాయండి.
1. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సేవలను కొలవడంలో చికిత్సా అంతరం ఉపయోగాలను, పరిమితులను చర్చించండి.
2. ‘ఫలితాల కొలమానం కూడా అమాయకమైనది కాదు’ – ఉదాహరణలతో వివరించండి.

II. కింది ప్రశ్నలకు 15 పంక్తులలో జవాబులు రాయండి.
1. తనహాషి ప్రతిపాదించిన ఐదు మెట్లను వివరించండి.
2. నిండిన పడకల లెక్క సేవా నాణ్యతను ఎందుకు చూపలేదు?

III. అభ్యాసం
మీకు దగ్గరలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో మానసిక వ్యాధులకు మందులు దొరుకుతున్నాయేమో అనుమతి తీసుకుని తెలుసుకోండి. రోగుల పేర్లు గాని, వివరాలు గాని రాయకండి. 12.6లోని ఐదు ప్రశ్నలలో వేటికి అక్కడి రికార్డులలో జవాబు దొరుకుతుందో, వేటికి దొరకదో ఒక పేజీలో రాసి, మీ అధ్యయన కేంద్రంలోని కౌన్సెలర్‌తో చర్చించండి.